అంచున్న తెరచాప

మా ఇంటాయన నారాయణప్పకు అంచు లేని బట్ట నేయడం చేతకాదు. చేతకాదంటే ఒప్పుకోడు, మనసొప్పదంటాడు. అందుకే ఆ ఏడు నావకు తెరచాప నేసినప్పుడు కూడా దానికి అటూ ఇటూ జానెడేసి ఎర్ర పట్టంచు వేశాడు. హిందూపురం షావుకారు పెళ్ళి చీరల మీద చూసి మెచ్చుకున్న అంచు అది. ధర్మవరంలో ఆ తెరచాపను చూసి నవ్వనివాళ్ళు లేరు. నేనూ నవ్వాను గానీ లోపల గర్వంగానే ఉండింది.

నావ మాది కాదు. చెరువులో చేపలు పట్టడానికి కోస్తా నుంచి వచ్చినవాళ్ళు పాతబడిందని వదిలేసి పోయారు. దాన్ని మా ఆయన బాగుచేసుకున్నాడు. నావ నడపడం ఎక్కడ నేర్చావని అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు. "పొద్దున్నే ఈదిలో పడుగు సాచేటోడికి గాలి సంగతి ఇంగొకరు చెప్పల్లా?" అది నిజమే. తెల్లవారుతూనే వీధి పొడుగునా పట్టు దారాలు చాచి కట్టే మావాళ్ళకు గాలి ఎటు తిరగబోతోందో చెంప మీదే తెలుస్తుంది.

ఆ కార్తీకంలో చెరువు నిండి పొర్లింది. అవతలి గట్టు పల్లెకు పోయే దారి మునిగిపోయింది. సరిగ్గా అప్పుడే ఆ పల్లెలో బాలమ్మ కూతురు విశాలాక్షి పెళ్ళి. గోధూళి వేళ ముహూర్తం. మొగుడు పోయినప్పటి నుంచి బాలమ్మ మా ఇంట్లోనే పట్టు చుట్టేది. కూతురి పెళ్ళి చీరకు ప్రతి పోగూ తనే చుట్టింది. పల్లెలో ఉన్న తమ్ముడింటికి ముందుగా పోతూ నా చేయి పట్టుకుంది.

"అక్కా, బిడ్డ ఆ చీర కట్టుకోని పీటల మీద కూచ్చుంటే సాలు. నేనింగేమీ అడగను."

చీర మగ్గం దిగేసరికి దారి లేదు. పెనుకొండ మీదుగా చుట్టు తిరిగి పోతే మర్నాటికి గానీ చేరము. అప్పటికి ఆ పిల్ల తన మేనమామ భార్య పాత చీరలో తాళి కట్టించుకుని ఉంటుంది. నా ప్రాణం ఉసూరుమంది.

"నావలో పోదాం పద" అన్నాడు మా ఆయన.

పెళ్ళి చీర మడతను నేసిన ఇంటి ముత్తైదువే పోయి విప్పాలన్నది మావాళ్ళ ఆనవాయితీ. కాబట్టి నేను తప్పదు. నేను పోతే మా కూతురు కస్తూరి ఇంట్లో ఉండదు. అది కదిలితే వాళ్ళవ్వ కుళ్ళాయమ్మ, అంటే మా అత్త, ఆగదు. అలా సంసారమంతా నావెక్కింది. లంగరు పేరుతో నా రుబ్బుగుండు కూడా ఎక్కింది, నన్నడక్కుండానే.

సగం దూరం దర్జాగా పోయాము. ఒడ్డున బట్టలుతికేవాళ్ళు చేతులూపితే మా ఆయన జమీందారులా తలాడించాడు. పొద్దు నడినెత్తికి వచ్చాక గాలి జోరెక్కింది. తెరచాప నడుమ నూలు బట్ట బానలా ఉబ్బింది. బిగువుగా నేసిన పట్టంచు మాత్రం సాగలేదు. అది ఒకవైపు గుంజి పట్టేసరికి నావ పక్కకు ఒరిగి నీళ్ళు లోపలికి దూకాయి. కస్తూరి చీర మూటను నెత్తికెత్తుకుంది. మా ఆయన తెరచాప దించి, తెడ్డుతో నానా తంటాలు పడి నావను ఒక గుట్ట చాటుకు తిప్పాడు. గుట్ట చెరువులోకి దిగే చోట చిన్న వంపు ఉంది. అందులోకి రాగానే ఎవరో తలుపేసినట్టు గాలి ఆగిపోయింది. రుబ్బుగుండును నీళ్ళలోకి వదిలాము.

నీళ్ళు తోడిపోశాము, సద్ది తిన్నాము. వంపు బయట అలలు మాత్రం తగ్గలేదు. నేను తెరచాపను ఒళ్ళో వేసుకుని తడిమి చూశాను.

"ఏమయ్యా, తప్పు గాలిది కాదు, నీ అంచుది. నడుమ సాగుతాంది, అంచు సాగల్యా. అంచు చింపేస్తే నావ తిన్నగా పోతాది."

ఆయన ముఖం మాడిపోయింది. "తిక్క పట్టిందా నీకు? అంచు లేని గుడ్డ కింద ముత్తైదువను కూచ్చోబెట్టుకోని పెండ్లింటికి పోతానా? గాలి తగ్గేదాంకా ఈడనే ఉండాల."

మాట జారాక గానీ తన ఎదురుగా ఎవరున్నారో ఆయనకు తట్టలేదు. మా అత్త మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చుని ఉంది. మామ పోయినప్పటి నుంచి ఆమె కట్టేది అంచు లేని తెల్లబట్టే. అదీ అంగట్లో కొన్నది. కొడుకు నేసిన బట్ట ఆమె ఒంటి మీద పడి ఏళ్ళయింది.

"నేను కూచ్చోలేదా నారాయణా, పొద్దున్నుంచీ? నావేమన్నా మునిగిండాదా?" అంది మా అత్త.

ఆయన తల దించుకున్నాడు. నాకు ఆయన మీద కోపం వచ్చింది, జాలీ వేసింది. భయం లేదని అబద్ధం చెప్పను. మెడలో తాళి ఉన్నదాన్ని, మొగుడు నేసిన బట్ట అంచు చింపబోతున్నాను. కానీ బాలమ్మ నా చేయి పట్టుకుని అన్న మాట అంతకంటే గట్టిగా వినిపించింది. అంచు పక్కన ఒక పోగును గోటితో పట్టి లాగాను. అలా లాగితే బట్టలో సన్నటి గీత పడుతుంది, దాని వెంబడి చింపితే వీసమంత కూడా వంకర పోదు. అవతలి కొసను మా అత్త బిగించి పట్టుకుంది. చిరుగుతున్న చప్పుడు విని మా ఆయన గుట్ట వైపు తిరిగాడు. రెండో అంచు కూడా ఊడొచ్చాక ఇటు తిరిగి, నేను చీర మూటలోంచి తీసిన సూది అందుకుని ఆ పక్కలు తనే మడిచి కుట్టాడు.

బయటికి వచ్చాము. గాలి అదే గాలి. నావ మాత్రం తిన్నగా, జోరుగా పోయింది.

పసులు ఇళ్ళకు మళ్ళే వేళకు చేరాము. పెళ్ళింట్లో ఆడవాళ్ళు నన్ను చుట్టుముట్టారు. "వచ్చినావా అంజనమ్మా! బిరీన మడత ఇప్పు తల్లీ, అయ్యవారు తొందర చేస్తాండాడు."

బాలమ్మ ఎక్కడా కనబడలేదు. వెనక గదిలో, గింజల గాదె పక్కన, శుభకార్యంలో ఎవరికీ ఎదురు రాకుండా నిలబడి ఉంది. నేను అక్కడికే పోయి చీర ఆమె ముందు పెట్టాను.

"నువ్వు చుట్టిన పోగులే. మడత నువ్వే ఇప్పు."

బాలమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. "వద్దక్కా. బిడ్డ చీరకు నా చెయ్యి తగలగూడదు."

"ఇదేం పద్ధతమ్మా!" అన్నారు వెనక నుంచి ఎవరో.

నేను నోరు తెరిచేలోపే గడప దగ్గర మా ఆయన గొంతు వినిపించింది. "నేసినోన్ని నేను చెప్తాండా. ఆయమ్మ ఇప్పితేనే చీర బయటికి వస్తాది."

బాలమ్మ మడత విప్పింది. విశాలాక్షి చీరతో పాటు తల్లి చేతిని కూడా గట్టిగా పట్టుకుంది, పందిట్లో పీటల దాకా వదల్లేదు.