ముక్కాలిపీట నాలుగో కాలు

నేను ఒక ముక్కాలిపీటను. పీటే కదా అని మొహం తిప్పుకోకండి. నాది ఆషామాషీ చెక్క కాదు. రాజావారి సింహాసనం చెక్కగా మిగిలిన టేకు. ఇంకో అంగుళం అటు పడుంటే నా మీద కిరీటాలు కూర్చునేవి. ఇటు పడ్డాను కాబట్టి చోడవరంలో గౌరునాయుడి టీకొట్టు ముందు పడ్డాను.

దానికి విచారం లేదు. సింహాసనం మీద ఒక్కడే కూర్చుంటాడు, నా మీద ఊరంతా. నా మీద కూర్చున్నవాడు కబుర్లు చెప్పేవాడు, చుట్టూ నిలబడ్డవాళ్ళు ఊ కొట్టేవాళ్ళు. ఊ కొట్టేవాడు లేకపోతే ఎంత గొప్ప కోతలరాయుడికైనా గొంతు ఎండిపోతుంది. టీ లేకపోయినా కబురు సాగుతుంది గాని, ఊ లేకపోతే సాగదు. ఇది నేను కళ్ళారా, అంటే చెక్కారా, చూసిన సంగతి.

టీకొట్టు మూసేశాక గౌరునాయుడు నన్ను తన అక్క సన్యాసమ్మకు ఇచ్చేశాడు. ఆవిడ నా మీద కూర్చుని మనవరాలు హిమబిందుకు అన్నం కలిపి పెడుతూ కథలు చెప్పేది. ఆ పిల్ల ముద్ద నోట్లో ఉన్నా ఊ కొట్టాల్సిందే. కొట్టకపోతే కథలో రాక్షసుడు ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉండిపోయేది.

ఆ పిల్ల పెరిగి విశ్వవిద్యాలయంలో చేరి, ఇంకేమీ దొరకనట్టు ఫ్రెంచి పట్టుకుంది. చదువుకునే పిల్లల్ని కొన్ని నెలలపాటు ఫ్రాన్సు పంపి, అక్కడి బడిపిల్లల చేత ఇంగ్లీషు మాట్లాడించే కొలువు ఒకటి ఉందట. కిందటేడు దరఖాస్తు పెట్టింది. ఇంటర్వ్యూలో నోరు పెగల్లేదు, తీసుకోలేదు. ఈ ఏడాదితో చదువు అయిపోతుంది, చదువు అయిపోయినవాళ్ళకు ఆ కొలువు లేదు. అంటే ఇదే ఆఖరి అవకాశం.

ఇంటర్వ్యూ కంప్యూటర్‌లో. దాన్ని బల్ల మీద పెడితే పిల్ల నుదురు మాత్రమే కనిపించింది. మంచం మీద పెడితే ముక్కు రంధ్రాలు. నా మీద పెడితే చంద్రబింబం! పైగా గచ్చు ఎంత ఎగుడుదిగుడుగా ఉన్నా మూడు కాళ్ళవాడు ఊగడు. నాలుగు కాళ్ళ కుర్చీలకు ఆ యోగం లేదు, పాపం.

సన్యాసమ్మ పక్కనే చేరింది. "ఒలే గుంటా, పెద్దోళ్ళు మాటాడతంటే బెల్లంకొట్టిన రాయిలాగ కూకోకు. ఊ కొట్టు. లేదంటే ఇనట్లేదనుకుంటారు."

"సరేలే అమ్మమ్మా, నువ్వు మాట్లాడకు."

తెర మీద మదాం ఓదిల్ అనే పెద్దావిడ, పక్కన తెల్లగడ్డం ఆయన కనిపించారు. పిల్లకు చెమటలు పట్టాయి. ఆవిడ ఫ్రెంచిలో మొదలుపెట్టింది.

"మిమ్మల్ని ఒక చిన్న ఊరికి పంపుతాం."

"ఊ."

ఆవిడ ఆగింది. "అది ఇంకా తేలలేదమ్మా. బస మాత్రం బడిలోనే."

"ఊ."

"అదే చెబుతున్నాను, బడిలో! పిల్లలు కాస్త అల్లరి చేస్తారు."

"ఊ."

"తరగతిలోనమ్మా! ఇంకెక్కడ చేస్తారు?"

అప్పటికి వెలిగింది పిల్లకు. ఫ్రెంచిలో 'ఊ' అంటే 'ఎక్కడ' అని. తాను ఇంతసేపూ పోలీసు లాగా ఎక్కడ, ఎక్కడ అని నిలదీస్తోంది! మొహం సున్నం కొట్టినట్టయింది. కిందటేడు నోరు మూతబడ్డప్పుడు కూడా ఇదే రంగు అని సన్యాసమ్మ తర్వాత చెప్పింది. కంప్యూటర్ కింద నా అంచు పట్టుకుంది పిల్ల. కథలో రాక్షసుడు వచ్చినప్పుడల్లా చిన్నప్పుడు పట్టుకున్న చోటే. ఊపిరి పీల్చుకుని, ఊ కొట్టడమంటే ఏమిటో ఫ్రెంచిలో చెప్పడం మొదలుపెట్టింది. మా దగ్గర వినేవాళ్ళకూ పని ఉంటుందండీ, వాళ్ళు ఊ కొడితేనే కథ నడుస్తుంది, అని.

మదాం కళ్ళజోడు సర్దుకుంది. "బాగుంది. అయితే మమ్మల్ని తరగతి పిల్లలనుకుని ఒక కథ చెప్పండి. మేం ఊ కొడతాం."

పిల్ల కంప్యూటర్ తీసి అమ్మమ్మ ఒళ్ళో పెట్టి, నన్ను పైకెత్తి, అమ్మమ్మ చెప్పే కథల్లో ఒకటి అందుకుంది. తెర మీద కనపడటం నాకు అదే మొదలు.

"ఈ పీటకు ఒకప్పుడు నాలుగు కాళ్ళు. ఇదిగో, నాలుగోది ఇక్కడ ఉండేది," అని నన్ను బోర్లా తిప్పింది. చెక్కలో ముడి ఊడిన కన్నం ఒకటి ఉంది లెండి. దాని పక్కనే, నల్ల సిరాతో, ఎన్నేళ్ళయినా చెరగని అక్షరాలు: 'సబ్బులు. తడి తగలనీయరాదు.'

అవునండీ, సబ్బుల పెట్టె చెక్కనే. సింహాసనం సంగతి ఇక్కడితో మరిచిపోదాం.

"మిగతా మూడు కాళ్ళూ ఇంటిపట్టున ఉండేవి," అంటోంది పిల్ల.

"ఊ," అన్నారు వాళ్ళు, ముద్దుగా.

"నాలుగోదానికి మాత్రం నిలకడ లేదు. ఒకరోజు దేశం చూసొస్తానని బయలుదేరింది."

పిల్ల అక్కడ ఆపింది, అచ్చం అమ్మమ్మ లాగే. మదాం తెరలోకి వంగి, ఆత్రంగా, "ఊ?" అంది.

అది మన ఊ నా, వాళ్ళ ఊ నా? ఒక్క క్షణం ఎవరికీ తెలియలేదు. మదాముకే ముందు తట్టింది. పకపకా నవ్వింది. గడ్డం ఆయన నవ్వి నవ్వి కుర్చీలోంచి కింద పడ్డాడు.

"ఎక్కడికో నాకూ తెలీదండీ," అంది పిల్ల. "మీరు పంపిస్తే వెతుక్కొస్తాను."

పంపించారు.

ఇప్పుడు సన్యాసమ్మ సెల్‌ఫోనును నా మీద చెంబుకు ఆనించి మాట్లాడుతుంది. అటునుంచి తరగతిగది, పిల్లల గోల. టీచరమ్మ అయిన మన పిల్ల ఇంగ్లీషులో కథ చెబుతుంటే అందరూ ఒక్క గొంతుతో ఊ కొడుతున్నారు. కొట్టేదీ అడిగేదీ ఒకే ఊ కాబట్టి కథ అసలు ఆగడం లేదట.

"అమ్మమ్మా, కాలు ఇంకా దొరకలేదే!"

"తొందరేటే? నిదానంగా ఎతుకు."

నేను పుట్టిందే మూడు కాళ్ళతో. నాలుగోది సన్యాసమ్మ కల్పన, ఆ పాపం నాది కాదు. నేను కల్పించింది వేరే ఉంది. గడ్డం ఆయన కుర్చీలోంచి పడలేదు. నవ్వాడంతే. ఎంతైనా పీటను కదండీ, కుర్చీ అంటే కాస్త కుళ్ళు. అందుకని పడేశాను.

మీరు ఊ కొట్టారు కాబట్టే కదా, పడేశాను?