తేటగా ఉండాల్సిన నీళ్లు

కోడలు పనిచేసే ప్రయోగశాలకు అన్నం డబ్బా పట్టుకెళ్లినావిడ, డబ్బా ఇచ్చి ఊరుకోవచ్చు కదా! ఊరుకుంటే ఆవిడ అత్తగారెలా అవుతుంది? కోడలు పక్కగదిలో ఉండగా, తొట్టి దగ్గర మసగ్గా కనిపించిన గాజుసీసాలన్నిటినీ దారిలో కొన్న సబ్బుపొడితో తళతళా తోమి బోర్లించింది. పాపం, పిల్ల ఒంటిచేత్తో ఎన్నని చేసుకుంటుంది?

భోజనమయ్యాక కోడలు ఆ సీసాల్లో ఒకదాంట్లో ఉల్క ముక్క నానబెట్టిన నీళ్లు, ఇంకోదాంట్లో వట్టి నీళ్లు పోసింది.

"ఈ రాయిలో భాస్వరం ఉంది అత్తయ్యా. మన ఎముకల్లో, ఒంట్లో ప్రతి కణంలో ఉండేదే. కానీ నేలమీది రాళ్లలోది నీళ్లలో ఓ పట్టాన కరగదు. మరి మొదటి ప్రాణికి ఎలా దొరికింది? పైనుంచి పడ్డ ఇలాంటి రాళ్లిచ్చాయేమోనని మా అనుమానం. ఈ మందు వేస్తే, భాస్వరం కరిగిన నీళ్లు నీలమవుతాయి."

రెండిట్లోనూ మందు వేసింది. రాయి సీసా నీలమైంది. కోడలు చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది. వట్టి నీళ్లు అంతకంటే ముదురు నీలంగా మారాయి.

"అయిపోయింది అత్తయ్యా. రేపు మా పెద్దసారు చూసి ఒప్పుకుంటేనే ఈ పని సాగేది. ఇన్నాళ్లూ నేను చూసిందంతా ఇలాంటి అబద్ధమేనేమో! రావద్దని ఫోన్ చేసేస్తాను."

అత్తగారి నోట్లో నువ్వుగింజ నానదని చుట్టాలందరికీ తెలుసు. అలాంటావిడ తొట్టి పక్కనున్న సబ్బుపొడి పొట్లం వైపు చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"సబ్బుపొడిలో... భాస్వరం ఉంటుందా అమ్మా?"

"కొన్నిట్లో ఉంటుంది. అందుకే ఇక్కడ సబ్బు ముట్టుకోం, యాసిడ్‌తోనే..." కోడలు తొట్టి వైపు చూసింది. "అత్తయ్యా!"

"నేనే తోమాను. మురికనుకున్నానే తల్లీ. తిట్టు, పడతాను."

కోడలు తిట్టలేదు. అత్తగారిని వాటేసుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. "మీరా! బతికించారు. నా రాయి తప్పేమీ లేదేమో!"

బీరువాలోంచి యాసిడ్‌తో కడిగిన సీసాలు రెండు తీసింది. అన్నీ మళ్లీ పోసి, వట్టి నీళ్ల సీసా అత్తగారి చేతిలో పెట్టింది.

"నేనెందుకమ్మా? నా చెయ్యి మంచిది కాదు."

"మీరే పట్టుకోండి. రాయిది నీలమైతే చాలదు. ఇది తేటగా ఉంటేనే నా మాట నిజం."

మందు పడింది. కాసేపటికి రాయి సీసా మెల్లగా నీలమెక్కింది. అత్తగారు అటు చూడనే లేదు. తన చేతిలోని నీళ్లనే చూస్తోంది.

"మారలేదే!" అని గట్టిగా ఏడ్చేసింది. "మారలేదే నా తల్లీ!"