ఉప్పు వదలని జాడీ

జ్ఞాపకం తమకే ఉంటుందనుకోవడం మనుషుల అలవాటు. నేను ఒక పింగాణీ జాడీని. నా జ్ఞాపకం గోడల్లో ఉంటుంది. పైపూత నిండా వెంట్రుకల్లాంటి పగుళ్ళు. ఏళ్ళ తరబడి వాటిలోకి ఉప్పు ఇంకింది. వానలు వెలిసి గోడలు ఆరితే తెల్లగా పైకి తేలుతుంది.

నన్ను భట్టీలో కాల్చినవాడి ముఖం గుర్తులేదు. బొబ్బిలిలో వరహాలమ్మ వంటింట్లో ప్రతి వేసవీ నాలో ఆవకాయ పెట్టేవారు. మామిడి ముక్క అంటే లెక్కలేనన్ని కణాల గుంపని నాకప్పుడు తెలియదు. ఆ కణాల్లోంచి నీరు లాగడం, పాడుచేసే సూక్ష్మజీవులను బతకనివ్వకపోవడం నా ఉద్యోగం. ఇంట్లోవాళ్ళు దాన్ని రుచి అనేవారు.

వరహాలమ్మ పోయాక కూతురు అరుంధతి నన్ను చన్నీళ్ళతో ఒకసారి కడిగి, తను పాఠాలు చెప్పే జూనియర్ కాలేజీకి తెచ్చింది. లేబులో గాజుతొట్టి పగిలిందని అందరికీ చెప్పింది. ఖాళీ జాడీని ఇంట్లో చూడలేకపోతోందని నాకనిపించింది. మనుషులు అసలు కారణాన్ని మరో కారణం వెనక నిలబెడతారు.

నాలో ఎండుగడ్డి వేసి చెరువునీళ్ళు పోసింది. గడ్డి కుళ్ళితే బాక్టీరియా పెరుగుతుంది, దాన్ని తినడానికి పారమీషియం, దాన్ని తినడానికి ఇంకొకటి. ఒక్క కణంతోనే తినడం, ఈదడం, రెండుగా చీలడం అన్నీ కానిచ్చేసే జనం. ప్రాక్టికల్ పరీక్షలో పిల్లలు బతికున్న పారమీషియాన్ని చూపించాలి. లేకపోతే ఆ మార్కులు పోయినట్టే.

రెండుసార్లు పోసినా నాలో ఏదీ బతకలేదు. అరుంధతి మొదట గడ్డికి కొట్టిన మందును అనుమానించింది, తర్వాత చెరువును. చివరికి పైడిలక్ష్మి అనే విద్యార్థిని సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తింది.

"ఒకటి కనపడింది గానీ ముడుచుకుపోనాది మేడం. పాపం, బీపీ వచ్చీసినట్టుంది."

క్లాసంతా నవ్వింది.

"చాల్లేవే. వేరే చెరువు నీళ్ళు తెచ్చి పొయ్యి."

"నీళ్ళది కాదు మేడం, జాడీ ఇంకా ఆవకాయ వాసనొస్తంది. మా ఇంటికాడ ఐస్‌క్రీం డబ్బాలో ఏశాను, తెగ తిరిగీస్తన్నాయి. తెచ్చీమంటారా?"

"ప్లాస్టిక్‌లో పెరగవు," అంది అరుంధతి.

ఉప్పు కణంలోని నీటిని లాగేస్తుందని చెప్పడానికి ఆమె ఏటా ఆవకాయనే ఉదాహరణగా చెబుతుంది. ఈ ఏడు ఆ పాఠం నేనూ బల్ల మీద కూర్చుని విన్నాను. తెలిసిన విషయం కూడా ఒక్కోసారి మనిషి లోపలికి దిగదు. ఏదో పొర దాన్ని రానివ్వదు.

పరీక్షకు ముందురోజు పైడిలక్ష్మి అడక్కుండానే డబ్బా పట్టుకొచ్చింది. అరుంధతి అందులోంచి ఒక చుక్క తీసి సూక్ష్మదర్శిని మీదకు వంగింది. చాలాసేపు లేవలేదు.

"ఉన్నాయాండి?"

"ఉన్నాయే. రేపు అందరూ ఈ డబ్బాలోంచే తీసుకోండి."

"మరి జాడీయో?"

"దాని సంగతి నేను చూసుకుంటాలే."

పిల్లలు వెళ్ళాక నన్ను కుళాయి దగ్గరికి మోసుకెళ్ళి, కుళ్ళిన గడ్డి పారబోసింది. సబ్బుపొడి, కొబ్బరి పీచు పక్కన పెట్టుకుంది. తర్వాత నాలోకి ముఖం దించి గట్టిగా ఊపిరి పీల్చింది. పైన గడ్డి కంపు, దాని కింద ఎక్కడో ఆవపిండి. ఆ ఊపిరి ఆగి ఆగి బయటికి రావడం నా గోడలకు తెలిసింది. జాలిపడడానికి కావలసినదేదీ నాలో లేదు.

ఆమె కుళాయి తిప్పింది.