నాకిచ్చిన చోటు

"ఇన్నాళ్ళూ ఇంట్లో ఖాళీగా ఉన్నావు. మళ్ళీ పనిలో పడితే నీకే తేలిగ్గా ఉంటుంది," అన్నారు మా ఆయన. అప్పుడు నేను ఆయన చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. కాలరు దగ్గర పెట్టెని ఇంకాస్త సేపు ఆనించి ఉంచితే మాడిపోయేదే, కానీ అంత ధైర్యం నాకెప్పుడూ లేదు. తిరగేసి రెండో వైపు కూడా నున్నగా చేసి హ్యాంగరుకి తగిలించాను.

ఖాళీ అంటే ఏమిటో కాస్త చెప్పాలి. మా అత్తయ్యకి పక్షవాతం వచ్చి ఎడమ పక్కంతా పడిపోయినప్పుడు, సెలవు ఎవరు పెట్టాలన్న మాటే మా ఇంట్లో రాలేదు. "నాకిది ప్రమోషన్ సమయం. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదుగా," అన్నారాయన, నాకేదో శుభవార్త చెబుతున్నట్టు. జీతం లేని సెలవు పెట్టాను. ఆవిడని పక్కకి తిప్పడం, ఒళ్ళు తుడవడం, దుప్పట్లు మార్చడం, పొలమారకుండా చెంచాతో జావ పట్టడం, నొప్పికి తాళలేక తిడితే పడటం. మా వదిన, అంటే మా ఆయన అక్క, వీలున్నప్పుడల్లా వచ్చేది. పళ్ళు తెచ్చేది, తల్లి చెయ్యి పట్టుకుని కాసేపు ఏడ్చేది. తప్పు పట్టను, కన్నతల్లి కదా. చివరి నెలల్లో అత్తయ్యకి మనుషులందరూ కలగాపులగమైపోయారు. నేను నడుము కింద చెయ్యి వేసి లేపుతుంటే "బుజ్జమ్మా" అని పిలిచేది. బుజ్జమ్మంటే మా వదిన. మొదట్లో "నేనత్తయ్యా" అనేదాన్ని. తర్వాత్తర్వాత "ఊఁ" అని పలకడం అలవాటు చేసుకున్నాను. ఆవిడ పోయాక పలకరించడానికి వచ్చినవాళ్ళందరితోనూ మా ఆయన కళ్ళు తుడుచుకుంటూ ఒకటే మాట చెప్పారు, అక్క చేసిన సేవకే అమ్మ అన్నాళ్ళు బతికిందని. నేను వాళ్ళకి కాఫీలు అందిస్తున్నాను.

మా ఆఫీసులో మూడంతస్తుల నిండా లినక్స్ డెస్క్‌టాపులే. ఎవరి ఫైళ్ళూ వాళ్ళ ముందున్న మెషీనులో ఉండవు, అన్నీ కింద సర్వరు గదిలో ఉంటాయి. ఏ కుర్చీలో కూర్చుని పాస్‌వర్డు కొట్టినా ఎవరి ఫోల్డరు వాళ్ళకి నెట్‌వర్కు మీదుగా వచ్చి ఎదురుగా నిలబడుతుంది. ఆ ఏర్పాటంతా చేసింది నేనే. కొత్తవాళ్ళకి అకౌంట్లు తెరిచే ప్రోగ్రాములు, అందరి ఫైళ్ళకీ రోజూ నకళ్ళు తీసేవి, ఏ మెషీను ఎలా మొరాయిస్తే ఏం చెయ్యాలో వివరంగా రాసిన పేజీలు, అన్నీ సర్వరు మీద ఉమ్మడి ఫోల్డరులో పెట్టాను. పైన నా పేరు రాసుకునే అలవాటు లేదు. సరిగ్గా నడిచేవాటిని ఎవరూ తెరిచి చూడరు కూడా.

మా మేనేజరుని చాటుగా అందరం "చూద్దాంలే సారు" అంటాం. ఏమడిగినా అదే జవాబు. సెలవు మీద వెళ్తూ నా కుర్చీ నాకే ఉంటుందా అని అడిగితే కూడా ఆ మాటే అన్నాడు. తిరిగి వెళ్ళిన రోజు తెలిసింది, ఆయన చూడటం అయిపోయిందని. నా స్థానంలో ఒకతను ఇన్‌చార్జిగా వచ్చాడు. నన్ను అతని కింద టెంపరరీగా వేశారు. రికార్డుల ప్రకారం నేను కొత్తగా చేరినట్టేనట, పర్మనెంటు సంగతి చూద్దాంలే అట. నా పాత అకౌంటు అతను రాకముందే తీసేశారు, ఇప్పుడు కొత్తది ఇచ్చారు. లాగిన్ అయితే లోపల ఉత్త ఫోల్డరు, ఊడ్చిన గదిలా ఉంది. ఫైళ్ళు పెట్టుకోవడానికి సర్వరు మీద ఒక్కొక్కరికీ ఇంతని చోటు ఇస్తారు, దాన్ని కోటా అంటాం. టెంపరరీ వాళ్ళ కోటా బెత్తెడు.

ఆ వారంలోనే కొత్త ఇన్‌చార్జికి లాగిన్ ఆగిపోయింది. పాస్‌వర్డు కొడితే తెర క్షణం నల్లబడి, మళ్ళీ పాస్‌వర్డే అడుగుతోంది. అతను పొద్దున్నంతా తంటాలు పడ్డాక చూద్దాంలే సారు నన్ను పిలిచి, "మీకిది అలవాటే కదమ్మా, కాస్త చూడండి," అన్నాడు. అలవాటు అన్నాడు గానీ మీ పని అనలేదు. పక్క మెషీను మీద ప్రయత్నిస్తే అక్కడా అదే తంతు, కాబట్టి తప్పు మెషీనుది కాదు. బొమ్మలూ కిటికీలూ లేని ఉత్త అక్షరాల తెర మీద లాగిన్ చేయిస్తే లోపలికి వెళ్ళాడు. అంటే పాస్‌వర్డు మంచిదే, ఫోల్డరు కూడా సర్వరు నుంచి వస్తోంది. అందులో కొత్త ఫైలు తెరిచి ఒక్క అక్షరం రాయబోయాను. కోటా నిండిపోయింది, రాయడానికి వీల్లేదంది. లాగిన్ అవగానే సిస్టమ్ మన ఫోల్డరులో తన కోసం చిన్న చీటీలాంటిది రాసుకుంటుంది. దానికి కూడా చోటు లేక మనిషిని గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తోంది.

అతని ఫోల్డరులో చూస్తే పట్టుమని పది ఫైళ్ళు లేవు. మరి చోటంతా తింటున్నదేమిటి? ఈ మనిషి పేరు మీద సర్వరంతటా ఏమేం ఉన్నాయో చూపించమన్నాను. తెర మీద వరస మొదలైంది. నకళ్ళు తీసే ప్రోగ్రాము, అది ఇన్నాళ్ళూ పోగేసిన నకళ్ళు. అకౌంట్లు తెరిచే ప్రోగ్రాము. మొరాయించే మెషీన్ల పేజీలు. జ్వరంతో కూర్చుని రాసినవి, కూరలు తరుగుతూ ఆలోచించుకుని మర్నాడు వచ్చి రాసినవి, ఎన్నో. ఒక్కొక్కదాని పక్కనా యజమాని అని అతని పేరే ఉంది.

సంగతి అర్థం కావడానికి ఎంతో సేపు పట్టలేదు. సర్వరుకి మన పేర్లతో పనిలేదు, నంబర్లే దానికి మనుషులు. ప్రతి అకౌంటుకీ ఒక నంబరు, ప్రతి ఫైలు మీదా దాని యజమాని నంబరు. నా అకౌంటు తీసేసినప్పుడు ఖాళీ అయిన నంబరుని ఇతనికిచ్చారు. ఆ పూట నుంచి నేను చేసినవన్నీ ఇతను చేసినవైపోయాయి. ఎవరూ దొంగతనం చెయ్యలేదు, ఎవరూ అబద్ధమాడలేదు, అందుకని ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో కూడా తెలియలేదు. కాళ్ళూ చేతులూ లాగేసినట్టయింది. బుజ్జమ్మా అంటే పలికిన రోజుల్లో ఒంట్లోకి వచ్చి చేరిన నీరసమే ఇది. అదెక్కడికీ పోలేదు, నాతోపాటే ఆఫీసుకి వచ్చింది.

సారుకి చెప్పాను. పాత ఫైళ్ళేవో అతని పేరు మీద పడ్డాయన్నమాట, తీసి పారేస్తే గొడవ వదిలిపోతుంది కదా అన్నాడు. అవి తీసేస్తే రేపటి నుంచి నకళ్ళుండవు, కొత్త అకౌంట్లు తెరుచుకోవు అన్నాను.

"అదేంటి, అవన్నీ వాటంతటవే నడుస్తున్నాయి కదమ్మా?"

వాటంతటవే. మా ఇంట్లోనూ అంతే. బట్టలు మడతపడటం, గిన్నెలు తళతళలాడటం, ఏడాదిగా మంచం పట్టిన మనిషికి ఒంటి మీద ఒక్క పుండు పడకపోవడం, అన్నీ వాటంతటవే జరిగిపోయాయి.

"అవి నేను రాసినవి సార్," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఆయన ఫోను చూసుకుంటూ, ఎవరు రాస్తే ఏముందమ్మా, మనమంతా ఒక కుటుంబం అన్నాడు. కుటుంబం అన్న మాట తర్వాత ఆయన ఇంకా ఏవో చెప్పాడు గానీ నాకు చెవికెక్కలేదు.

మా డెస్క్‌టాపుల మీద అడ్మిన్ అధికారం ఇంట్లో పులి వీధిలో పిల్లి లాంటిది, సర్వరు దాన్ని లెక్కచెయ్యదు. కిందికి వెళ్ళాల్సిందే. ఇన్‌చార్జి సర్వరు గది తాళం తీసి, తనే పాస్‌వర్డు కొట్టి, కుర్చీ నాకు జరిపాడు. అతని కోటా పెంచేసినా సరిపోయేది, ఒక్క అంకె మారిస్తే చాలు. అప్పుడు అవన్నీ అతని పేరు మీదే ఉండిపోతాయి. ఆ అంకె దగ్గర నా వేళ్ళు ఆగాయి.

"ఇవి మీవా?" అని అడిగాను.

"నావెలా అవుతాయి మేడం, నేను చేరి నెల కూడా కాలేదు. ఎవరివి?"

"నావి."

అతను తెర మీదికి వంగి చాలాసేపు చదివాడు. ఇవన్నీ మీరొక్కరే రాశారా, మరి సారేమో, అని ఆగిపోయాడు. ఆ ప్రశ్న నన్ను అడిగిన మొదటి మనిషి అతనే. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నెపం ఆ గదిలోని ఏసీ చల్లగాలి మీదికి నెట్టేసి తుడుచుకున్నాను. మీ పేరు మీదికి మార్చేసుకోండి మేడం అన్నాడు. అంతలోనే ఏదో లెక్క వేసుకుని, "కానీ మీది టెంపరరీ కోటా. ఇవన్నీ మీ పేరు మీదికొస్తే మీరు లాగిన్ అవలేరు. పెంచాలంటే సారు సంతకం పెట్టాలి, టెంపరరీ వాళ్ళకి ఆయన పెట్టరు," అన్నాడు.

"తెలుసు," అన్నాను.

యజమానిని మార్చమని ఒక్క వరస కొట్టాను. కాసేపు ఏమీ కదల్లేదు. మళ్ళీ జాబితా తెరిస్తే ప్రతిదాని పక్కనా నా పేరుంది. సంతోషం వస్తుందనుకున్నాను, రాలేదు. శవాన్ని గుర్తుపట్టమంటే గుర్తుపట్టినట్టుంది.

పైకి వచ్చేసరికి ఇన్‌చార్జి లాగిన్ తెరుచుకుంది. సారు అతని భుజం తట్టి, వచ్చీ రాగానే సాధించావోయ్ అన్నాడు. నేను కాదు సార్, మేడమే చేశారు అని అతను చెబుతూనే ఉన్నాడు, సారు అప్పటికే ఇంకో విషయంలోకి వెళ్ళిపోయాడు. నేను నా సీట్లో కూర్చుని పాస్‌వర్డు కొట్టాను. తెర నల్లబడి, మళ్ళీ పాస్‌వర్డు అడిగింది. ఇంకోసారి కొట్టాను, అంతే.

"మీదేమైందమ్మా?" సారు అటుగా వచ్చి అడిగాడు.

"నేను చేసినవన్నీ నా పేరు మీద రాసుకున్నాను సార్. నాకిచ్చిన చోటు చాలలేదు."

ఆయనకి అర్థమైందో లేదో తెలియదు. మీవేవో కొన్ని తీసేసుకుంటే సరి అన్నాడు.

"తియ్యను సార్."

"తియ్యకపోతే మీరు లోపలికి రాలేరు కదమ్మా?"

"రాను," అన్నాను.

అప్పుడే ఫోను మోగింది. మా ఆయన. వదినా వాళ్ళు భోజనానికి వచ్చేశారట, ఎంతసేపట్లో వస్తావు అన్నారు. నా నోట్లో ఇంకా ఆ మాటే ఉంది.