మూత మీద ఖాళీ చోటు

నేను ఒక స్టీలు డబ్బాను. నా మూత మీద ఒక పేరుంది, ఒక బొక్కుంది.

పేరు ముందు వచ్చింది. మా వైపు పెళ్లికి గిన్నె పెడితే, ఇచ్చినవాళ్ల పేరు దాని మీద చుక్కలు చుక్కలుగా కొట్టిస్తారు. గంగజల పెళ్లికి ఆమె తమ్ముడు సాయన్న నన్ను మెట్‌పల్లి గిన్నెల దుకాణంలో కొని, తన పేరు సగం మూత నిండా కొట్టించాడు.

"బావా, తినేటప్పుడు నా పేరు సూడు. మా అక్కను తిట్టబుద్ది గాదు."

"నీ పేరు సూస్తే ఆకలే సస్తది పోరా!" అన్నాడు పెళ్లికొడుకు భూమన్న.

ఆకలి చావలేదు. గల్ఫుకు పోయిన ప్రతిసారీ భూమన్న నా నిండా మామిడి తొక్కు పచ్చడి పెట్టించుకునేవాడు. వచ్చేటప్పుడు ఖర్జూరాలు నింపుకునేవాడు.

ఆఖరుసారి కూడా ఖర్జూరాలతోనే బయలుదేరాం. దారిలో యుద్ధం చేస్తున్న దేశమొకటి ఉంది. వాళ్ల సైన్యం మా విమానాన్ని శత్రువుదనుకుని క్షిపణి వేసింది. ఇనుప ముక్క ఒకటి నా మూతను బయటి నుంచి లోపలికి పొడిచింది.

అక్కడి ప్రభుత్వం మొదట ఇంజను చెడిందన్నది. తునకల ఫొటోలు లోకమంతా చూశాక, పొరపాటు జరిగిందన్నది. ఎవరు కొట్టారో, ఎవరు కొట్టమన్నారో చెప్పలేదు.

భూమన్నను మూసిన పెట్టెలో తెచ్చారు. తెరవొద్దన్నారు. గంగజల నన్ను తెరిచింది. లోపల మసి.

నన్ను తెచ్చిన మన అధికారి మంచివాడే. తలవంచుకుని చెప్పాడు.

"వాళ్లు విచారం తెలిపారమ్మా. పరిహారం కూడా ఇస్తామన్నారు."

గంగజల బొక్క మీద వేలు పెట్టింది.

"సారూ, ఈ డబ్బ మా తమ్ముడిచ్చిండు. పేరు కొట్టిచ్చిండు. మరి ఈ బొక్క ఎవలిచ్చిండ్రు?"

"విచారణ జరుగుతోందమ్మా."

"పేరు చెప్పుమనుండ్రి. మేం కొట్టినం, మాది తప్పు అనుమనుండ్రి. పైసలు తర్వాత."

ఆయన చాయ్ తాగకుండానే లేచాడు.

మరునాడు ఆమె నన్ను అదే దుకాణానికి తీసుకుపోయింది. బొక్క పక్కన 'ఇచ్చినవారు' అని కొట్టించింది.

"పేరేం కొట్టాల్నక్కా?" అన్నాడు దుకాణపాయన.

"జాగ ఇడిసిపెట్టు. వాళ్లే చెప్పాలె."

ఇప్పుడు నేను తొక్కుకు పనికిరాను. అయినా ఆమె నన్ను రోజూ తోముతుంది. పెళ్లిలో ఒక గిన్నె పెట్టినవాడు పేరు దాచుకోడు. మనిషి ప్రాణం తీసిన దేశానికి ఎందుకంత కష్టమో నాకు అర్థం కాదు.

తోమిన ప్రతిసారీ ఆ ఖాళీ చోటును ఆమె కొంగుతో తుడుస్తుంది. తడి ఉంటే అక్షరాలు సరిగా పడవట.