తోరణంలో మరియమ్మ

మార్టూరు రాళ్ళ ఫ్యాక్టరీలో పాలిష్ పట్టే జక్రయ్యకి తల్లి పోయి ముప్పయ్యేళ్ళు. అప్పట్లో సమాధి మీద మంచి రాయి వేయించే తాహతు ఎక్కడిది? పొలంలో నాగలికి తగిలిన పాత పలక ఒకటుంటే, తండ్రి దానయ్య బండి మీద తెచ్చి పరిచాడు. దానికి ఒకవైపు ఇంత పెద్ద తామరపువ్వు, ఏ కాలపు రాజులు చెక్కించారో ఏమో. దానయ్య ఆ పువ్వుని కిందకి తిప్పాడు.

"అదేంది నాన్నా, అంత పువ్వు మట్టిలోకా?"

"మీ అమ్మ కిందేగా ఉందిరా! దారినపోయేవాళ్ళకెందుకు పువ్వు?"

పైవైపు నున్నటి చోట 'మరియమ్మ, ప్రభువునందు నిద్రించినది' అని జక్రయ్యే ఉలితో చెక్కుకున్నాడు. ఏటా ఈస్టరు తెల్లవారుజామున మల్లెలు పెట్టి, కొవ్వొత్తి వెలిగించి వచ్చేవాడు. ఒక్క ఏడూ తప్పలేదు.

మొన్నటి తుపానుకి సమాధి కుంగి పలక ఒరిగింది. పువ్వు బయటపడింది. ఎవరో ఫోటో తీశారు, అది ఫోన్లన్నీ తిరిగి ఆ ఊరి పార్టీ నాయకుడిగారి ఫోనుకి చేరింది. ఆయన అప్పుడే ఆఫీసు కట్టిస్తున్నాడు, పాతకాలపు స్తూపంలా గుమ్మటం, ముందు రాతి తోరణం పెట్టి. ఆయన తాత గుంటూరు యార్డులో మిరపకాయల బస్తాలు కుట్టించాడని అందరికీ తెలుసు. అయినా మైకు పట్టుకుంటే, "ఈ నేలనేలిన రాజుల వారసులం మేము" అంటాడు. తోరణమంతా కొత్త రాయే. అంత అబద్ధానికి పాతరాయి ఒక్కటన్నా సాక్ష్యం ఉండొద్దూ మరి!

ఆ పలక ఇస్తే శ్మశానానికి ప్రహరీ కట్టిస్తానన్నాడు, చర్చి సంఘపెద్దలు సరేనన్నారు. గేదెలు సమాధులు తొక్కుతున్నాయి, కాదనడానికి ఏముంది? జక్రయ్యా తలూపాడు. తలైతే ఊపాడు గానీ, ఇంటికొచ్చి ఆ పూట అన్నం ముట్టలేదు.

తీరాచూస్తే ఆ పలక జక్రయ్య మిషన్ దగ్గరికే వచ్చింది. వెంట ఆ ఆఫీసు పని చూసే ఇంజనీరు రామకాంత్.

"వెనకాల ఏదో పేరుందయ్యా. అరగదీసెయ్."

"అది మా అమ్మ పేరండి."

రామకాంత్ వంగి ఆ అక్షరాలు చూశాడు. "నాకు తెలీదయ్యా. కానీ పెద్దాయన చెప్పాడు, రాజుల తోరణంలో ఈ పేరేంటని."

జక్రయ్య వేలి ముణుకుతో పలక మీద కొట్టాడు. గట్టిరాయి గంటలా మోగుతుంది, పగులున్నది బండగా పలుకుతుంది. ఇది ఖంగుమంది.

"విన్నారా? లోపల పగులు. మిషన్ పెట్టానంటే మీ పువ్వు రెండు ముక్కలు. పెట్టమంటే పెడతా, పూచీ మాత్రం మీది."

రాయి మాట తెలిసినవాడు అక్కడ ఒక్కడే. రామకాంత్ పలక వంకా, జక్రయ్య మొహం వంకా చూశాడు. "అయితే వద్దులే. పువ్వు బయటికి పెట్టి నిలబెడతాం" అన్నాడు.

ముప్పయ్యేళ్ళ పనిలో జక్రయ్య రాయి గురించి ఆడిన అబద్ధం అదొక్కటే.

తోరణం లేచింది. లోపలికి వెళ్ళేవాళ్ళకి పువ్వు, బయటికి వచ్చేవాళ్ళకి మరియమ్మ. ఈస్టరు రోజు శ్మశానంలో ఒక కొవ్వొత్తి పెట్టి, రెండోది పట్టుకుని జక్రయ్య ఆ గేటు దగ్గరికొచ్చాడు. వాచ్‌మన్ మొహిద్దీన్ బాషా పలకకి వీపు ఆనించి కుర్చీలో కూర్చునున్నాడు.

"ఇవాళ ఆఫీసు సెలవు పెద్దాయనా."

"ఆఫీసుతో నాకేం పని బాషా? మా అమ్మ దగ్గరికొచ్చా."

బాషా వెనక్కి తిరిగి పేరు చదివాడు, గబుక్కున లేచి కుర్చీ పక్కకి లాగాడు.

"నా పనయ్యాక మళ్ళీ ఇక్కడే వేసుకో" అన్నాడు జక్రయ్య, మల్లెలు విప్పుతూ. "ఇక్కడ మంచి నీడ. ఆవిడేమీ అనుకోదులే."