నోరు తెరిచిన గోడ

నిన్న సాయంత్రం మూసి ఉన్న ముసలమ్మ నోరు తెల్లారేసరికి తెరుచుకుని ఉంది. లోపల వేలు దూరేంత చీకటి.

ముసలమ్మంటే మనిషి కాదు, గోడమీది బొమ్మ. మూతపడ్డ మిల్లు ప్రహరీగోడ అది. మా ఇళ్ళ దూలాలన్నీ దానిమీదే ఆని ఉన్నాయి. కుళాయి దగ్గరి ఖాళీలో ఆమెను వేసినవాడు షాపుల బోర్డులు రాసే పెయింటరు. పెచ్చులూడినచోట చెంపలు, నాచు పట్టినచోట జుట్టు, అడ్డంగా పోయిన పగులు పెదవులు.

"గోడ బాగుచేసే దిక్కులేదు గానీ, దాని రోగానికి సింగారమా!" అని ఇస్త్రీ అక్క దెప్పేది.

"నాదేముందక్కా, గోడే గీసిపెట్టింది" అనేవాడు.

ఇప్పుడు వాడి మొహంలో నెత్తుటిచుక్క లేదు. "పగులు కప్పేసేలా ఎర్రరంగు పూశాను. ఆ రంగే చీలింది. ఇది పాత పగులు కాదక్కా, గోడ కదులుతోంది."

మిల్లు కొన్న కాంట్రాక్టరు గోడ అవతల రేకులు కట్టి పని చేయిస్తున్నాడు. మమ్మల్ని ఖాళీ చెయ్యమని ఎప్పుడో చెప్పాడు.

"సర్దుకుని పోదాం. బతికుంటే బలుసాకు తినొచ్చు" అన్నాడు మా వాళ్ళలో మూటలు మోయించే మేస్త్రి.

"పోతే వాడికి కావలసింది అదేగా!" అక్క ఇస్త్రీపెట్టె కింద పెట్టేసింది.

పిల్లల్ని రోడ్డు అవతలికి పంపి, అందరం మిల్లులోకి వచ్చే లారీలకు అడ్డం నిలబడ్డాం. కాంట్రాక్టరు కారు దిగాడు. మేస్త్రి దారి వదిలి గోడ దాకా తీసుకొచ్చాడు.

"పాత గోడ, పాత పగులు. నేను ముట్టుకోలేదు. ఇంకో తరం నిలుస్తుంది."

"మరి రేకుల వెనక గునపాల చప్పుడేంటి?" అంది అక్క.

"ఎలకలేమో."

"గునపాలు పట్టిన ఎలకలా బాబూ!"

అందరూ నవ్వారు. పెయింటరు నవ్వలేదు. తను ఎక్కి బొమ్మలేసే స్టూలు తెచ్చి ముసలమ్మ నోటికింద వేశాడు.

"ఇంకో తరం నిలుస్తుందన్నారుగా. కాసేపు కూర్చోండి, మీ బొమ్మ కూడా వేస్తాను."

ఎవరూ అతన్ని తాకలేదు. కానీ దారీ ఇవ్వలేదు. అటూ ఇటూ మేమూ గోడకు వీపులు ఆనించి నిలబడ్డాం. కాంట్రాక్టరు కూర్చున్నాడు.

ముసలమ్మ నోట్లోంచి ఇసుక జారి అతని తెల్లచొక్కా మీద పడింది. అతను దిగ్గున లేచాడు.

"భయమెందుకు బాబూ? మా బతుకంతా దీని కిందేగా" అంది అక్క.

గోడ లోపల ఏదో టప్పుమంది. మేము కదల్లేదు.

"జరగండి! పడిపోతుంది!" కాంట్రాక్టరు గొంతు చీలిపోయింది. "తవ్వించింది నేనే! దీనికింద పునాది లేదు, కర్రల మీద నిలబెట్టాను. ఖాళీ చెయ్యమంటే చెయ్యరు. వానకు పాతగోడ కూలిందంటే అడిగేవాడు ఉండడనుకున్నాను. పగలే కూలుతుందనుకున్నాను, మీరంతా పనుల్లో ఉంటారని..."

"మరి పిల్లలో?" అంది అక్క.

వాడు మా వంక చూడలేదు. ముసలమ్మ వంక చూశాడు.

"ఉంటారని తెలుసు."